నిమ్మచెక్క, శనగపిండి, మా మేనకోడలి ముఖం

ఇక్కడ సాధారణంగా పుస్తకాల గురించీ, పద్యాల గురించీ వ్రాసుకుంటుంటాను. ఈసారి విషయం వేరు. శనగపిండి గురించి, నిమ్మకాయ గురించి, తలకు రాసే రంగు గురించి వ్రాయబోతున్నాను. "ఈవిడకేమయింది?" అని ముక్కున వేలేసుకోకుండా చివరిదాకా చదవమని మనవి. కాస్త కోపంగానే వ్రాస్తున్నాను. ఆ కోపంలో కొంత నా మీద నాకున్నదే. అదేమిటో తర్వాత చెబుతాను.

కందుకూరు అనగానే కోస్తాలోని కందుకూరును తలచుకునే మిత్రులకు ఒక మాట. మాది అది కాదు. హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే దారిలో, తుక్కుగూడ దాటిన తర్వాత తగిలే రంగారెడ్డి జిల్లా కందుకూరు మాది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరిచిన నాటినుండి మా ఆకాశంలో విమానాలు తిరుగుతున్నాయి. దాదాపు 5,500 ఎకరాల విమానాశ్రయం పక్కనే వస్తే చుట్టుపక్కల ఊళ్ళ బతుకు మారకుండా ఉంటుందా? మారింది. పొలానికి పోవలసిన ఆడపిల్లలు కంపెనీ బస్సెక్కి కౌంటర్ల వెనక నిలబడే ఉద్యోగాలకు పోతున్నారు. మంచిదే. నేను తప్పుపట్టేది దాన్ని కాదు.

మా తమ్ముడి కూతురు అలాంటి ఉద్యోగంలోనే చేరింది. పొద్దున నాలుగింటికి లేచి, చీకట్లో బస్సు ఎక్కాలి. చేరిన మొదటివారంలోనే "నీటుగా కనిపించాలి" అన్నారట. నీటుగా అంటే ఏమిటో ఎవరూ వివరంగా చెప్పలేదు. తన పక్కన నిలబడ్డ పిల్లలను చూసి తనే అర్థం చేసుకుంది. తన రంగు చామనఛాయకు ఒక మెట్టు కింద. అదే సమయంలో ఒక సంబంధం వచ్చింది. పిల్ల నచ్చిందన్నారు, చదువు నచ్చిందన్నారు, ఉద్యోగం నచ్చిందన్నారు. పోతూపోతూ "జర రంగు తక్కువుంది" అన్నారు. అంతే. సంబంధం కుదరనూ లేదు, ఆ మాట మా ఇంట్లోంచి పోనూ లేదు.

అప్పటినుండి మొదలయ్యాయి చిట్కాలు. ఆదివారం పుస్తకాల్లో చదివినవి, తోటి పిల్లలు చెప్పినవి, ఫోనులో చూసినవి. శనగపిండిలో పసుపు, పెరుగు. టమాట గుజ్జులో చక్కెర. వంటసోడాలో నీళ్ళు. నిమ్మచెక్కతో ముఖాన్ని నేరుగా రుద్దటం. మధ్యలో నేను ఊరికి వెళ్ళాను. ముఖమంతా ఎర్రటి మచ్చలతో ఉంది. "ఎందుకే ఇదంతా?" అంటే, "అత్తా, నీకు దెల్వది, ఎండల ఇంకింత నల్లగైతున్న" అంది. ఎండలోకి పోయేది ఎక్కడ? చీకట్లో పోయి, ఏసీలో నిలబడి, చీకట్లో వచ్చే పిల్ల అది!

నిమ్మచెక్క పని చేయకపోయేసరికి, ఎవరో స్నేహితురాలు ఒక ట్యూబు పేరు చెప్పింది. మందుల దుకాణంలో అడిగితే చీటీ లేకుండానే ఇచ్చారు. మొదటి పదిహేను రోజులు అద్భుతం. ముఖం తేటపడింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. మూడు నెలల తర్వాత ముఖం నిండా మొటిమలు, చెంపల మీద సన్నని ఎర్ర నరాలు, గడ్డం దగ్గర నూగు. పొయ్యి దగ్గర నిలబడితే మంట. ట్యూబు మానేస్తే మరింత మంట. చివరకు పట్నంలో చర్మవైద్యురాలి దగ్గరకు తీసుకుపోతే, ట్యూబు చూసి ఆమె తల పట్టుకుంది. అందులో ఉన్నది స్టెరాయిడ్. గజ్జి, తామర, ఎగ్జిమాల వంటి జబ్బులకని కొనుక్కునే కలగూరగంప మందు అది. ముఖానికి రాసుకునే క్రీము కాదు. ఆ ముఖం మళ్ళీ మామూలు కావటానికి ఏడాది పట్టింది.

మా పిల్ల ఒక్కతే అమాయకురాలని అనుకోవద్దు. ఈ దేశంలో చర్మవైద్యులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్న సంగతి ఇది. దీనికి వాళ్ళు ఒక పేరు కూడా పెట్టుకున్నారు: స్టెరాయిడ్ వల్ల పాడైన ముఖం అని. 2018లో కేంద్రప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పైపూత మందులను వైద్యుడి చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు కాగితం మీద ఉంది. ట్యూబు మా మేనకోడలి సంచీలో ఉంది.

ఇంకొక సంగతి. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరికి మూత్రపిండాల జబ్బు వచ్చింది. వైద్యులు ఆరా తీస్తే, వారు వాడిన తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉన్నట్టు తేలింది. పాదరసం చర్మంలో నలుపు తయారుకాకుండా అడ్డుకుంటుంది. అందుకే కలుపుతారు. అది చర్మంలోనుండి రక్తంలోకి, రక్తంలోనుండి మూత్రపిండాల్లోకి పోతుంది. మన 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం, కంటికి వాడేవి మినహాయిస్తే, ఏ సౌందర్య సాధనంలోనూ పాదరసం పదిలక్షల వంతుల్లో ఒక వంతుకు మించరాదు. అది కూడా పొరపాటున చేరినదై ఉండాలి, కావాలని కలిపినదై ఉండకూడదు. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, పేరూ ఊరూ లేని డబ్బాలు అమ్ముడుపోతూనే ఉన్నాయి.

"అమ్మా, స్టెరాయిడూ పాదరసమూ వేరు, మన వంటింటి చిట్కాలు వేరు. వాటితో వీటిని కలపటం అన్యాయం" అని మీలో కొందరు అనబోతున్నారని తెలుసు. నా జవాబు ఇది: శనగపిండికీ ట్యూబుకీ మధ్య గోడ ఏదీ లేదు, మెట్లే ఉన్నాయి. "నీ ముఖం ఉన్నదున్నట్టుగా బాగాలేదు, దానికేదో చేయాలి" అన్నది మొదటి మెట్టు. చిట్కా పనిచేయదు. పనిచేయకపోతే ఆ పిల్ల చిట్కాను అనుమానించదు, తన ముఖాన్నే అనుమానిస్తుంది. ఇంకొంచెం ఘాటైనది వెతుకుతుంది. శనగపిండి నుండి సోడాకు, సోడా నుండి నిమ్మకు, నిమ్మ నుండి ట్యూబుకు. మెట్టు మెట్టుగా దిగటమే. మొదటి మెట్టు మీద చేయిపట్టి నిలబెట్టినవారు చివరి మెట్టుతో మాకు సంబంధం లేదంటే ఎలా?

పైగా వంటింట్లో దొరికేదంతా హానిలేనిదన్న నమ్మకం ఎక్కడిది? మన చర్మానికి సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది, పీహెచ్ లెక్కలో ఐదు దరిదాపుల్లో. నిమ్మరసం రెండు దగ్గర ఉంటుంది. ఈ లెక్కలో ఒక్కొక్క అంకె తేడా అంటే పదిరెట్లు. అంటే చర్మం కంటే కొన్ని వందల రెట్లు పుల్లనిదాన్ని ముఖాన రుద్దుతున్నామన్నమాట. అంతటితో ఆగదు. నిమ్మజాతి పండ్ల రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు లేచి, నల్లటి మచ్చలు మిగలవచ్చు. తెల్లబడదామని రాసుకున్నది నలుపును మిగిల్చి పోతుంది. వంటసోడా మరోవైపు లాగుతుంది. అది క్షారం, చర్మం మీదుండే రక్షణ పొరను పొడిబారుస్తుంది. పులుసులో నిమ్మకాయ పిండితే బాగుంటుంది కనుక ముఖాన పిండితే బాగుంటుందనుకోవటం ఏ తర్కం?

జుట్టు సంగతీ అంతే. "ఈ నూనె రాస్తే నెలలో బారెడు జడ" అంటారు. తలవెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. బారెడు జడకు ఎన్నేళ్ళు కావాలో లెక్క వేసుకోండి. చర్మం నుండి బయటికి వచ్చిన వెంట్రుకలో జీవం ఉండదు. దానికి కోడిగుడ్డు తినిపించలేము. రోజుకు యాభై నుండి నూరు వెంట్రుకలు రాలటం ఆరోగ్యవంతుల తలకు కూడా మామూలే. అంతకు మించి రాలుతుంటే కారణం లోపల ఉంటుంది. రక్తహీనత, థైరాయిడ్, కాన్పు, పెద్ద జ్వరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ ఆడవారిలో 57 శాతానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. సగం మంది కంటే ఎక్కువ! ఆ ఆడవారికి ఉల్లిపాయ రసం తలకు రాసుకోమని చెప్పటం కంటే పెద్ద వేళాకోళం ఉంటుందా? మొగుడూ పిల్లలూ తిన్నాక మిగిలింది తినే అలవాటును వదిలి, ముందు నువ్వు కడుపునిండా తిను, రక్తపరీక్ష చేయించుకో, ఐరన్ మాత్ర వేసుకో అన్నది ఏ సౌందర్య చిట్కాల పేజీలోనైనా చదివారా? నేను చదవలేదు.

గోరింటాకు సంగతి కూడా చెప్పుకోవాలి. గోరింటాకులో ఉండే లాసోన్ అనే రంగు పదార్థం నారింజ నుండి ఎరుపు, గోధుమ వన్నె దాకా ఇస్తుంది. నలుపు ఇవ్వదు. "సహజమైన నల్ల హెన్నా" అని ఎవరైనా అమ్ముతుంటే అందులో మరేదో కలిపారన్నమాట. సాధారణంగా కలిపేది పారాఫెనిలీన్‌డయమీన్ అనే రసాయనం. పడనివారికి తలంతా దురద, కళ్ళు మూసుకుపోయేంత వాపు వస్తాయి. పొట్లం మీద ఆకు బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల ఆకే ఉండదు.

ఇలా అంటున్నానని పాతవన్నీ తప్పులని నా వాదం కాదు. మా అమ్మ ఆదివారం నాడు కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్ళలో నానేసి, కళ్ళు మండుతున్నాయని మేము ఏడుస్తున్నా వినకుండా తలంటేది. కుంకుడుకాయలో సహజంగా నురగనిచ్చే పదార్థం ఉంది. మురికి పోతుంది. అంతవరకే దాని పని. అది జుట్టు పెంచుతుందని మా అమ్మ ఏనాడూ అనలేదు. కొబ్బరినూనె వెంట్రుకలోని మాంసకృత్తులు పోకుండా కాపాడుతుందని 2003లో ఒక పరిశోధనాపత్రం వచ్చింది. మా అమ్మమ్మ విని ఉంటే సంతోషించేది. అయితే ఆ పరిశోధన చేసినవారు కొబ్బరినూనె అమ్మే సంస్థలోని శాస్త్రజ్ఞులేనన్నది కూడా చెప్పాలి. అంతమాత్రాన అది అబద్ధమని కాదు. ఎవరు చెబుతున్నారో తెలుసుకుని వినాలి, అంతే. పండుగనాడు నలుగు పెట్టుకోవటమూ ఇష్టమే నాకు. నలుగు పెట్టేది మన ఒంటిని ఇంకొకరు ప్రేమతో ముట్టుకునే ఒక సందర్భం. దాన్ని రంగు మార్చే మందుగా మార్చింది ఎవరు?

రంగు. అసలు రోగమంతా అక్కడుంది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు పిల్ల బాగుందనటానికి "ఎర్రగా బుర్రగా ఉంది" అనేవారు. పసిమి ఛాయ అనేవారు, చామనఛాయ అనేవారు, నల్లగా ఉన్నా కళైన ముఖం అనేవారు. ఆ మాటల్లో వివక్ష లేదని అనను, ఉంది. కానీ కనీసం మెట్టుకొక పేరుండేది, ప్రతి ఛాయకూ ఒక చోటు ఉండేది. ఇప్పుడు అవన్నీ పోయి ఒక్క "వైట్‌గా" మిగిలింది. నల్లనయ్యను కొలిచే ఇళ్ళలో, కృష్ణ అని పేరున్న ద్రౌపది కథ చెప్పుకునే ఇళ్ళలో పిల్లకు రంగు తక్కువని సంబంధం తప్పిపోతుంది.

దీనితో వ్యాపారం చేసినవారి సంగతి అందరికీ తెలిసిందే. ఫెయిర్ అండ్ లవ్‌లీ 1975లో మార్కెట్లోకి వచ్చింది. నల్లపిల్లకు ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు, క్రీము రాసుకోగానే రెండూ వస్తాయన్న కథను మూడు తరాలకు చెప్పింది. 2005లో మగవారి కోసం వేరే సంస్థ ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ తెచ్చింది. ఆ విధంగా స్త్రీపురుష సమానత్వం సిద్ధించింది! 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి, నల్లని రంగువారిని తక్కువచేసి చూపే ప్రకటనలు ఉండకూడదని నియమం పెట్టింది. 2020లో అమెరికాలో జార్జి ఫ్లాయిడ్ హత్య తర్వాత ప్రపంచమంతా అలజడి రేగితే, ఫెయిర్ కాస్తా గ్లో అయింది. పేరు మారింది. మా ఇంటికొచ్చిన పెళ్ళివారి మాట మారలేదు.

కానీ ఒక్క కంపెనీలను తిట్టి చేతులు కడుక్కుంటే అది తప్పించుకోవటమే. ఇప్పుడు నా మీద నాకున్న కోపం సంగతి.

డిగ్రీ చదివే రోజుల్లో నేను ఒక పత్రికకు సౌందర్య చిట్కాలు పంపేదాన్ని. అచ్చయితే యాభై రూపాయల మనియార్డరు వచ్చేది. ఒకటి ఇప్పటికీ గుర్తుంది. నిమ్మరసంలో తేనె కలిపి ముఖానికి పట్టించి ఇరవై నిమిషాల తర్వాత కడిగితే ముఖం తెల్లబడుతుందని వ్రాశాను. నేను ఒక్కనాడూ అది రాసుకుని చూడలేదు. ఒక పాత సంచికలో చూసి ఎత్తివ్రాశాను. అక్కడ పది నిమిషాలని ఉంది. కాపీ కొట్టినట్టు తెలియకూడదని ఇరవై చేశాను! సంపాదకులు అడగలేదు. అచ్చువేశారు. ఎందరు ఆడపిల్లలు ఇరవై నిమిషాలు మంట ఓర్చుకుని కూర్చున్నారో నాకు తెలియదు. ఇప్పటికీ ఎక్కడైనా "ఇరవై నిమిషాలు" అని కనిపిస్తే నా గుండె గుభేలుమంటుంది.

చిట్కాలు ఎలా పుడతాయో దీన్నిబట్టి గ్రహించగలరు. వాటికి రచయిత ఉండడు, బాధ్యుడు ఉండడు. ఒకరు చూసి ఒకరు వ్రాస్తారు. పేజీ నిండుతుంది. అదే పేజీలో కింద క్రీము ప్రకటన ఉంటుంది. మందు చీటీ మీద వైద్యుడి సంతకం ఉంటుంది, వంటకం తప్పితే రుచి చెడుతుంది కనుక తెలిసిపోతుంది. చిట్కా తప్పితే మాత్రం తప్పు చదివిన మనిషి ముఖానిదే. "అందరికీ పడకపోవచ్చు" అన్న ఒక్క వాక్యంతో తప్పుకోవచ్చు.

మరొక ముఖ్యమైన మాట. ఈ చిట్కాలు ఎవరికోసం? "ఎండలో తిరగకండి" అంటారు. మా మరదలు, అంటే ఆ పిల్ల తల్లి, టమాట తోటలో పొద్దంతా వంగి పనిచేస్తుంది. ఆమెకు ఆ చిట్కా చెప్పండి చూద్దాం. ఆమె దగ్గర ఒక ఏర్పాటు ఉంది. చీర మీద మా తమ్ముడి పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుంటుంది, తలకూ చెంపలకూ తువ్వాలు చుట్టుకుంటుంది. పొలాలకు పోయే దారిలో నిలబడితే అలాంటి ఆడవాళ్ళు పదులమంది కనిపిస్తారు. ఎండనుండి చర్మాన్ని కాపాడటానికి ఒంటినిండా బట్ట, తలమీద నీడ కంటే మేలైనవి లేవని చర్మవైద్యులు కూడా అంటారు. పైసా ఖర్చులేని ఈ మంచి చిట్కాను ఏ పత్రికా అచ్చువేయదు. ఎందుకంటే ఆ చొక్కాలో ఆమె అందంగా కనిపించదు, కూలిమనిషిలా కనిపిస్తుంది. తెల్లదనం మీద మనకున్న మోజులో సగం ఇదే: నేను ఎండలో పనిచేసే మనిషిని కాను అని చాటుకోవటం. మా మేనకోడలు ముఖం మీదనుండి తుడిచేసుకోవాలని చూసింది తన నలుపును కాదు, తన తల్లి పొలాన్ని. ఆ మాట దానికి అర్థమయ్యేలా చెప్పటం నాకు ఇంకా చేతకాలేదు.

"అలంకారమే వద్దంటావా?" అని అడుగుతారేమో. వద్దనను. నాకూ కాటుక ఇష్టం, మల్లెపూలు ఇష్టం. పిల్ల ముచ్చటపడి లిప్‌స్టిక్ వేసుకుంటే నేనే మెచ్చుకుంటాను. అలంకరించుకోవటం ఉన్నదానికి తోడు చేర్చుకోవటం. ఉన్నదాన్ని చెరిపేసుకోవటం అలంకారం కాదు. "అందం కొరుక్కుతింటామా" అనే వైరాగ్యమూ నాకు నచ్చదు. అందం కావాలి. దానికి వెల కట్టేది పెళ్ళిచూపులకు వచ్చినవాడు కాకూడదు.

నాదీ ఒక చిట్కాల పట్టిక ఇస్తాను. మనియార్డరు అక్కరలేదు.

ఒకటి, నిమ్మకాయ చారులోకి. రెండు, వైద్యుడి చీటీ లేనిదే ఏ ట్యూబూ ముఖానికి తగలకూడదు. పదిహేను రోజుల్లో అద్భుతం జరిగితే సంతోషించకండి, భయపడండి. మూడు, తయారీదారు పేరూ చిరునామా లేని డబ్బా కొనకండి. నాలుగు, తలకు రంగు వేసేముందు చెవి వెనక కొంచెం రాసి రెండురోజులు చూడండి. ఐదు, జుట్టు రాలుతుంటే ముందు రక్తపరీక్ష చేయించండి. ఆరు, పిల్లను చూడటానికి వచ్చినవారు రంగు మాట ఎత్తితే మంచినీళ్ళిచ్చి, బస్సు ఎప్పుడుందో చెప్పి పంపండి.

ఆరోదానికి మా ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు. మొన్న ఊరికి పోయినప్పుడు మా అమ్మ "ఒక పిండి చేసిన, పెట్టి చూడరాదు" అంటూ గిన్నె తెచ్చింది. మేనకోడలు నా వైపు చూసింది. ముఖం మామూలైంది, చెంపల మీద ఆ ఎర్ర నరాలు మాత్రం దగ్గరగా చూస్తే ఇంకా కనిపిస్తాయి. గిన్నె తీసుకుని పక్కన పెట్టింది. "వద్దు నానమ్మ" అంది, అంతే. నాలుగింటి బస్సుందని పోయి పడుకుంది.

మీలో ఎవరైనా చిట్కాలు వ్రాసినవారుంటే, నాలాగా ఒప్పుకుంటే సంతోషిస్తాను. తిట్టాలనుకున్నవారు కూడా నిస్సంకోచంగా తిట్టవచ్చు. నిమ్మకాయ గుణాలు మాత్రం వర్ణించకండి, నేను చాలా వ్రాసి ఉన్నాను.